చెప్పులు కుట్టేవాని కొడుకు, అమరావతి చర్మకారుడు

జర్మనీ రాజధాని బెర్లిన్‌కు పడమరగా, రైలులో ఇంచుమించు గంట ప్రయాణం దూరంలో స్టెండాల్ అనే చిన్న పట్టణం ఉన్నది. ఎర్ర ఇటుకలతో కట్టిన మధ్యయుగపు చర్చిలు, నగరద్వారాలు ఆ పట్టణానికి గుర్తు. అక్కడి పాత వీధులలో ఒకదానికి వింకెల్‌మన్ పేరు పెట్టారు. ఆయన పుట్టిన ఇల్లు ఒకప్పుడు ఆ వీధిలోనే ఉండేది. ఆ స్థలంలోనే 1955లో ఆయన పేరిట ఒక మ్యూజియం ఏర్పడింది. ఒక విద్యా సదస్సు పనిమీద బెర్లిన్ వెళ్ళినప్పుడు నాకు ఒక రోజు తీరిక దొరికింది. దానిని స్టెండాల్ చూడడానికి వినియోగించుకున్నాను.

బౌద్ధ సంఘం వెలువరించే ఈ సంచికలో గ్రీకు శిల్పాలను గురించి రాసిన ఒక జర్మన్ పండితుని ప్రస్తావన ఎందుకని పాఠకులు అడగవచ్చు. యోహాన్ యోఆహిమ్ వింకెల్‌మన్ ప్రాచీన కళాచరిత్రకు, శాస్త్రీయ పురాతత్వ అధ్యయనానికి ఆద్యుడని ప్రపంచ విద్వాంసులు అంగీకరిస్తారు. ఆయన 1717 డిసెంబర్ 9న ఒక చెప్పులు కుట్టేవాని ఇంట పుట్టాడు. నన్ను ఆ పట్టణానికి రప్పించినది ఆ రెండవ విషయమే. మా తాతగారు చెప్పులు కుట్టారు. ఆయన వాడిన ఆరె, రంపె నేటికీ మా ఇంట ఉన్నాయి. ఊరి బడి పంతులుగారికి ఏటా ఒక జత ఆయనే కుట్టి ఇచ్చేవారు. ఆ చెప్పులు బడి అరుగు ఎక్కేవి. వాటిని కుట్టిన మనిషి అరుగు కింద నిలబడేవాడు. చర్మకారుని కొడుకు చదువుకుంటే ఒక దేశం అతని జ్ఞాపకాన్ని ఎలా నిలుపుకున్నదో కళ్ళారా చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

మ్యూజియం ఆవరణలో సందర్శకుని కంటికి మొదట ఆనేది ఒక కొయ్య గుర్రం. పదిహేను మీటర్లకు మించిన ఎత్తు. హోమర్ కావ్యాల వలన లోకప్రసిద్ధమైన ట్రాయ్ యుద్ధంలోని గుర్రానికి అది ప్రతిరూపం. పిల్లలు దాని కడుపులోకి ఎక్కి కిటికీలలోనుండి తొంగి చూస్తారు. వింకెల్‌మన్ జీవితాంతం హోమర్‌ను చదివినవాడు. కనుక ఆ గుర్రం అక్కడ ఉండడం సముచితమే. లోపలి గదులలో ఆయన జీవితం, ఆయన గ్రంథాలు, ఆయన ఆరాధించిన ప్రాచీన శిల్పం కథావస్తువులు. పట్టణం నడుమ ఆయన పేరు పెట్టిన కూడలిలో 1859లో నిలిపిన విగ్రహం కూడా ఉన్నది. పేదరికం తప్ప మరేమీ ఇవ్వలేకపోయిన పట్టణం, ఆయన గతించిన తరువాత ఆయన పేరునే తన గౌరవంగా చేసుకున్నది.

ఆ బాల్యాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి. తండ్రి మార్టిన్ చెప్పులు కుట్టేవాడు. తల్లి ఒక నేతగాని కూతురు. పనిచేసే చోటు, తినే చోటు, పడుకునే చోటు అన్నీ ఒకటే అయిన చిన్న ఇల్లు. కొడుకు కూడా ఆరె పట్టవలసినవాడే. కాని ఆ పిల్లవాడు లాటిన్ పాఠశాలలో చేరాడు. వీధులలో, చర్చిలో బృందగానం చేసే పేద విద్యార్థులలో ఒకడుగా పాడి నాలుగు డబ్బులు సంపాదించుకున్నాడు. ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు టాపర్ట్‌కు చూపు మందగించింది. ఆయన వింకెల్‌మన్‌ను తన ఇంట ఉంచుకున్నాడు. కుర్రవాడు గురువుకు చదివి వినిపించేవాడు. ఆ పనికి ప్రతిఫలంగా గురువు గ్రంథాలయం అతనికి తెరుచుకున్నది. తరువాత బెర్లిన్‌లో గ్రీకు భాష, హాలే విశ్వవిద్యాలయంలో మతశాస్త్రం, యేనాలో కొంతకాలం వైద్యం. హాంబర్గ్‌లో ఒక పండితుని గ్రంథాలు వేలానికి వచ్చాయని విని, దారిలో మతగురువుల ఇళ్ళ దగ్గర యాచించుకుంటూ అంత దూరం నడిచి వెళ్ళి గ్రీకు పుస్తకాలు కొని తెచ్చుకున్నాడని చెబుతారు. 1743 నుండి అయిదేళ్ళు సేహౌజెన్ అనే చిన్న ఊరిలో ఉపాధ్యాయుడు. పగలంతా పిల్లలకు అక్షరాలు దిద్దించడం, రాత్రంతా హోమర్‌ను చదవడం. 1748లో డ్రెస్డెన్ సమీపంలో బ్యూనావు ప్రభువు గ్రంథాలయంలో ఉద్యోగం దొరికింది. నలభై వేలకు పైబడిన గ్రంథాలున్న ఆ భవనంలో ఆరేళ్ళు గడిపాడు.

ఈ కథను ఒక పేద విద్యార్థి పట్టుదల కథగా చదివి ముగించవచ్చు. కాని మన దేశం నుండి వెళ్ళినవాడు దానిని అంతటితో ముగించలేడు. ఆ పిల్లవాని దారికి అడ్డు నిలిచినది లేమి. ఒక గురువు దయ, కొన్ని నాణేలు, విపరీతమైన శ్రమ కలిసివస్తే ఆ అడ్డు తొలగింది. ఒకసారి గ్రీకు నేర్చుకున్న తరువాత నీకు గ్రీకు చదివే హక్కు లేదని అతనితో ఎవరూ అనలేదు. మన దగ్గర అడ్డు నిలిచినది పుట్టుక. బాబాసాహెబ్ అంబేడ్కర్ పాఠశాలలో సంస్కృతం చదవగోరితే ఆయన పుట్టిన కులం కారణంగా ఆ అవకాశం నిరాకరించారు. ఆయన పారశీకం తీసుకోవలసి వచ్చింది. సంస్కృతాన్ని తరువాతి కాలంలో స్వయంకృషితో నేర్చుకున్నారు. లేమిని శ్రమతో దాటవచ్చు. పుట్టుకను ఏ శ్రమతో దాటాలి? స్టెండాల్ మ్యూజియంలో ప్రతి గదిలోనూ నన్ను వెంటాడిన ప్రశ్న ఇది.

వింకెల్‌మన్ సాధించినది ఏమిటి? ఆయనకు ముందు పురావస్తువులు రాజుల, ప్రభువుల భవనాలలో అలంకారాలు. పండితులకు పాత గ్రంథాలలోని విషయాలకు బొమ్మల వంటివి. ఏ శిల్పం ముందుది, ఏది తరువాతిది, ఏ కాలపు లక్షణం ఏమిటి అనే వరుస సరిగా ఉండేది కాదు. 1764లో వెలువడిన 'ప్రాచీన కళాచరిత్ర'లో ఆయన కళకు పుట్టుక, ఎదుగుదల, క్షీణత ఉంటాయని చూపాడు. శిల్పాన్ని దాని కాలంలో, దానిని చేసిన ప్రజల జీవితంలో నిలిపి చూడాలన్నాడు. శీతోష్ణస్థితి, పాలనావిధానం, స్వేచ్ఛ కళను ఎలా తీర్చిదిద్దుతాయో విచారించాడు. స్వేచ్ఛ ఉన్నచోటనే కళ ఉన్నతి పొందుతుందని ఆయన సిద్ధాంతం. తల, చేతులు, కాళ్ళు పోయిన బెల్వెడేర్ మొండెం ముందు నిలిచి, మిగిలిన కండరాల తీరునుండి ఒక సంపూర్ణ పురుషుని మనసులో పునర్నిర్మించి వర్ణించాడు. మిగిలిన ముక్కనుండి పోయిన మొత్తాన్ని గ్రహించడమే ఆయన విద్య.

1948లో 'ది అన్‌టచబుల్స్' గ్రంథం ముందుమాటలో అంబేడ్కర్ తన పద్ధతిని సమర్థించుకుంటూ, విరిగిన రాళ్ళనుండి ఒక నగరాన్ని పునర్నిర్మించే పురాతత్వవేత్తను ఉదాహరణగా తీసుకున్నారు. తమ చరిత్రను రాసుకునే అవకాశం లేకపోయిన ప్రజలకు ముక్కలే ఆధారం. ఆ విధంగా చూస్తే స్టెండాల్ పండితుడు మనకు పరాయివాడు కాడు.

ఆయన జీవితంలో మతం మారిన ఘట్టం కూడా ఉన్నది. ధమ్మదీక్ష తీసుకున్న కుటుంబాలకు ఇది ఆలోచించదగిన విషయం. పురాతన శిల్పాలన్నీ రోమ్‌లో ఉన్నాయి. అక్కడి గ్రంథాలయాల తలుపులు మతాధికారుల చేతిలో ఉన్నాయి. ప్రొటెస్టెంట్‌గా పుట్టిన వింకెల్‌మన్ 1754లో కాథలిక్ మతం స్వీకరించాడు. మరుసటి ఏడు గ్రీకు కళను గురించిన తన తొలి చిన్న గ్రంథం ప్రచురించి రోమ్ చేరాడు. కార్డినల్ అల్బానీకి గ్రంథపాలకుడై, 1763లో రోమ్ పురావస్తువులకు అధికారి అయ్యాడు. మిత్రులు కొందరు నొచ్చుకున్నారు. ఆయన మనసూ తేలికగా లేదు. విశ్వాసం కంటే విద్యాకాంక్షే ఆయనను ఆ పనికి పురికొల్పిందని చరిత్రకారులు చెబుతారు. ఆయనను నిందించడం నా ఉద్దేశం కాదు. జ్ఞానాన్ని ఒక మతం గడప లోపల తాళం వేసి ఉంచినప్పుడు, బయట నిలిచిన ఆకలిగొన్నవాడిని తప్పుపట్టే అధికారం ఎవరికున్నది?

అయితే తేడాను గుర్తించాలి. 1935 అక్టోబర్ 13న యేవలాలో తాను హిందువుగా చనిపోనని ప్రకటించిన అంబేడ్కర్, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకునేవరకు ఇరవై ఒక్క సంవత్సరాలు చదివారు, ఆలోచించారు, తర్కించారు. వింకెల్‌మన్ మార్పిడి ఒక మనిషికి ఒక గ్రంథాలయాన్ని తెరిచింది. నాగపూర్ దీక్ష లక్షలాది మందికి తమ చరిత్ర తలుపులు తెరిచింది. మొదటివాడు తన లోకంలోని గౌరవస్థానంలోకి ప్రవేశించాడు. రెండవవారు ఆ గౌరవస్థానాన్నే ప్రశ్నించారు.

ఇక ఆయన లోపాన్ని చెప్పకపోతే చరిత్ర విద్యార్థిగా నేను న్యాయం చేసినవాడిని కాను. వింకెల్‌మన్ ఎన్నడూ గ్రీసు చూడలేదు. ఆయన కీర్తించిన శిల్పాలలో అనేకం రోమన్ కాలపు ప్రతులని తరువాత తేలింది. ఆ శిల్పాలకు ఒకప్పుడు రంగులుండేవని కూడా తేలింది. ఆయన చరిత్రలో ఈజిప్టు, ఫినీషియా, పారశీకం, ఎట్రుస్కన్లు, గ్రీకులు, రోమన్లు ఉన్నారు. భారతదేశానికి ఒక అధ్యాయం లేదు. స్వేచ్ఛ గ్రీకు కళకు ప్రాణమన్న ఆయన, ఆ స్వేచ్ఛ కింద నలిగిన బానిసలను చూడలేదు. 1768 జూన్ 8న ట్రియెస్ట్ నగరపు సత్రంలో ఒక దుండగుని చేతిలో హతుడయ్యేనాటికి ఆయన వయసు యాభై. ఆ తరువాత ఆయన అభిరుచి యూరోపులో కొలబద్దగా మారింది. గ్రీకు శరీరమే సౌందర్యానికి ప్రమాణం; మిగిలిన జాతుల కళ ఆ ప్రమాణానికి ఎంత దగ్గరైతే అంత గొప్పది అన్న భావన స్థిరపడింది.

ఆ కొలబద్ద మన బుద్ధుని మీద కూడా ప్రయోగించబడింది. గాంధార శిల్పాలు దొరికినప్పుడు యూరోపియన్ పండితులు వాటిని అంతగా మెచ్చుకోవడానికి ముఖ్యకారణం వాటిలో గ్రీకు ముద్ర కనిపించడమే. బుద్ధుని ప్రతిమకు మూలం గ్రీకు కళ అని ఫ్రెంచి పండితుడు ఫూషే వాదించాడు. 1927లో ఆనంద కుమారస్వామి దానిని ఖండిస్తూ, మథుర శిల్పులు ఇక్కడి యక్షమూర్తుల సంప్రదాయంనుండి బుద్ధప్రతిమను స్వతంత్రంగా రూపొందించుకున్నారని చూపారు. గ్రీకు, రోమన్ లోకాలతో మన దేశానికి సంబంధాలు లేవని ఎవరూ అనరు. ఆంధ్రదేశంలో రోమన్ నాణేలు అనేకచోట్ల దొరికాయి. ఇచ్చిపుచ్చుకోవడం వేరు, తక్కెడ ఒకరి చేతిలోనే ఉండడం వేరు.

మన అమరావతి కథ చూడండి. 1797లో కాలిన్ మెకంజీ ఆ స్తూపాన్ని చూసేనాటికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త రాజధాని కట్టుకుంటున్నాడు. స్తూపపు ఇటుకలు, రాళ్ళు ఆ కట్టడాలలోకి పోయాయి. శిల్పాలలో కొన్ని సున్నపుబట్టీల పాలయ్యాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి తీయించిన పలకలు మద్రాసులో ఎండకు, వానకు పడి ఉండి, తరువాత లండన్ చేరాయి. వాటిని 'ఎలియట్ మార్బుల్స్' అన్నారు. ఏథెన్స్ నుండి ఎల్గిన్ తరలించిన పాలరాతి శిల్పాల పేరును ఇది తలపిస్తుంది. నిజానికి అది పాలరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి. ఆ శిల్పాలను ఎంతో శ్రమించి ప్రచురించి, వాటి గొప్పదనాన్ని లోకానికి చాటిన జేమ్స్ ఫెర్గుసన్ కూడా వాటిలో గ్రీకు ఛాయను వెదికాడు. ఆ రాతికి పేరు పెట్టేటప్పుడు కూడా పరాయి కొలతే వాడారు.

స్టెండాల్ మ్యూజియంలో చర్మకారుని కొడుకు కథ చూస్తున్నంతసేపూ నాకు అమరావతి పలక ఒకటి మనసులో మెదిలింది. క్రీస్తుశకపు తొలి శతాబ్దాల నాటి ప్రాకృత శాసనం ఒకటి దాని మీద ఉన్నది. ఒక పూర్ణఘటపు పలకను మహాస్తూపానికి సమర్పించిన దాత తన పేరు చెక్కించుకున్నాడు. అతని పేరు విధికుడు. అతని వృత్తి చమ్మకార, అంటే చర్మకారుడు. అతని తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. విధికుడు ఒంటరిగా దానం చేయలేదు; తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో, కూతుళ్ళతో, జ్ఞాతులతో, మిత్రులతో, బంధువులతో కలిసి చేశానని చెప్పుకున్నాడు. కొడుకు పేరు కూడా నాగుడే. తాత పేరు మనవడికి పెట్టే మన ఇళ్ళ అలవాటు ఆ రాతి మీద అలాగే ఉన్నది.

ఆ శాసనం చెబుతున్నది ఆలోచించండి. చర్మం పని చేసే మనిషి తన వృత్తిని దాచుకోలేదు. తన పేరు పక్కన దానిని శాశ్వతంగా చెక్కించుకున్నాడు. అతని తండ్రిని ఉపాధ్యాయుడని శాసనం గౌరవంగా పేర్కొన్నది. అతను ఇచ్చిన పలక ఏ గడప బయటో నిలబడలేదు. కొన్ని శతాబ్దాలపాటు యాత్రికులు నమస్కరించిన కట్టడంలో భాగమైంది. అదే స్తూపానికి గృహపతులు, వర్తకులు, గృహిణులు, భిక్షుణులు ఇచ్చిన దానాల శాసనాలు కూడా ఉన్నాయి. వారి సరసన విధికుడు నిలిచాడు.

ఒక్క శాసనంతో ఆనాటి సమాజంలో హెచ్చుతగ్గులు లేవని తీర్పు చెప్పడం చరిత్రకారుని పని కాదు. ఉత్సాహంలో మనం చేయకూడని పొరపాటు అది. వినయపిటకంలోనే బుట్టలల్లడం, కుండలు చేయడం, నేత, చర్మం పని, క్షురకవృత్తి లోకం హీనంగా చూసే వృత్తులుగా పేర్కొనబడ్డాయి. లోకంలో ఆ చిన్నచూపు ఉండేదన్న మాట. కాని ఆ జాబితా ఎక్కడ వస్తుందో గమనించాలి. పుట్టుకనో, పేరునో, వృత్తినో ఎత్తిచూపి తోటి భిక్షువును అవమానించడం అపరాధమని చెప్పే నియమపు వివరణలో అది వస్తుంది. లోకంలో ఉన్న రోగాన్ని సంఘం ఎరుగును. తన గడప లోపల దానికి చోటు ఇవ్వకూడదని నియమం చేసుకున్నది. విధికుని పలకను ఈ నియమంతో కలిపి చదివినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అనే తన సిద్ధాంతాన్ని ఫ్రెంచి విప్లవంనుండి కాక బుద్ధుని బోధనుండి గ్రహించానని అంబేడ్కర్ 1954లో ఆకాశవాణి ప్రసంగంలో చెప్పారు. స్వేచ్ఛను కళకు ప్రాణంగా చెప్పిన వింకెల్‌మన్ ఏథెన్స్ వైపు చూశాడు. ఒక చర్మకారుడు తన కుటుంబమంతటితో కలిసి తలెత్తుకుని దాతగా నిలిచిన కృష్ణాతీరం ఆయనకు తెలియదు. ఆ రాళ్ళు వెలుగులోకి రావడానికి ముందే ఆయన కన్నుమూశాడు. తెలిసి ఉంటే ఏమనేవాడో ఊహించడం మన పని కాదు. తెలిసిన మనం ఏమి చేస్తున్నామన్నదే ప్రశ్న.

వింకెల్‌మన్ జన్మదినమైన డిసెంబర్ 9ని జర్మన్ పురాతత్వవేత్తలు నేటికీ ఏటా జరుపుకుంటారు. ఆ రోజున ఉపన్యాసాలు ఇస్తారు, కొత్త పరిశోధనలు వెల్లడిస్తారు. దానికి మూడు రోజుల ముందు, డిసెంబర్ 6న, మనం బాబాసాహెబ్ పరినిర్వాణ దినాన పూలమాలలు వేస్తాము. పూలమాలలు వద్దని నేను అనను. ఆ రోజున ప్రతి సంఘశాఖలో ఒక పాత దానశాసనాన్ని చదివి, అర్థం చెప్పి, దాత పేరు, వృత్తి పిల్లల చేత పలికిస్తే, అది కూడా నివాళే అవుతుంది. మన మ్యూజియంలకు వెళ్ళే బృందాలు శిల్పం అందం చూసి మరలిపోకుండా అంచున ఉన్న బ్రాహ్మీ అక్షరాలను ఎవరు చెక్కించారని అడగాలి. మన పిల్లలలో కొందరైనా బ్రాహ్మీ లిపి, పాలి, ప్రాకృతం నేర్చుకోవాలి. ఒకప్పుడు భాషనే నిరాకరించి మనలను చరిత్ర బయట నిలబెట్టారు. ఈనాడు ఆ నిరాకరణ చట్టంలో లేదు. నేర్చుకోకపోతే ఆ లోపం మనదే.

స్టెండాల్ నుండి తీసుకురావలసినది వింకెల్‌మన్ పద్ధతి, ఆయన కొలబద్ద కాదు. ఎదుట ఉన్న రాతిని ఓపికగా చూడడం, దానిని దాని కాలంలో నిలపడం, ముక్కనుండి మొత్తాన్ని గ్రహించడం ఆయన నేర్పిన విద్య. సౌందర్యం ఒక్క జాతి సొత్తు అనుకోవడం ఆయన పొరపాటు.

సాయంత్రం మ్యూజియం మూసేవేళకు బయటికి వచ్చాను. కొయ్య గుర్రం కడుపులోనుండి పిల్లలు ఇంకా కేకలు వేస్తున్నారు. వాళ్ళలో ఎవరి తండ్రి ఏ పని చేస్తాడో అక్కడ ఎవరూ అడగరు. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత మా తాతగారి ఆరె, రంపె తీసి తుడిచి, పుస్తకాల బీరువాలో పెట్టాను. వాటి పక్కన ఒక కాగితం మీద విధికుని శాసనానికి తెలుగు అర్థం రాసి ఉంచాను. మా అమ్మాయి దానిని చదివి, "నాన్నా, ఈయన మనవాడా?" అని అడిగింది. రక్తసంబంధం చెప్పే ఆధారం నా దగ్గర లేదు. కాని ఆయన దానం చేసిన ధమ్మం మనదని చెప్పాను.